46, 118, 181

త్రీడీ బొమ్మలు చేసేవాళ్ల నుంచి రాత్రి పదకొండు దాటాక నాకొచ్చే మెసేజ్‌లలో సగం ఇలాగే ఉంటాయి. "అన్నా, రెండర్ విండోలో సూపర్‌గా ఉంది, సేవ్ చేసి తెరిస్తే పాలిపోయినట్టుంది, పొద్దున్నే పంపాలి, ఫొటోషాప్‌లో కొంచెం కాంట్రాస్ట్ పెంచేసి పంపెయ్యనా?" రెండర్ అంటే త్రీడీ సీన్‌ను కంప్యూటర్ లెక్కగట్టి బొమ్మగా మార్చడం. కింద రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన. ఒకటి నిజంగానే బాగుంటుంది, రెండోది పొగమంచులోంచి చూసినట్టుంటుంది. నా జవాబు ఎప్పుడూ ఒకటే. పెంచొద్దు. ముందు ఆ బూడిదరంగు గోడ మీద కలర్ పికర్ (నొక్కిన చోట రంగు అంకె చూపించే పనిముట్టు) పెట్టి అంకె ఎంతొచ్చిందో చెప్పు.

అవతలివాళ్లు విసుక్కుంటారని తెలుసు. టెన్షన్‌లో ఉన్నవాడిని అంకెలు అడిగితే ఎవరికైనా చిరాకే. "కళ్లముందు తేడా కనిపిస్తుంటే అంకెలెందుకన్నా" అంటారు. కళ్లముందు కనిపిస్తోంది కాబట్టే అడుగుతున్నా. తేడా ఉందని మాత్రమే కన్ను చెప్పగలదు, ఎక్కడ పుట్టిందో చెప్పలేదు. ఎక్కడ పుట్టిందో తెలియకుండా స్లైడర్ జరిపితే పుండు ఒకచోట, మందు ఇంకోచోట.

నేనూ ఈ తప్పు చేసినవాడినే, అదీ చిన్నగా కాదు. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక గోడగడియారం యానిమేషన్ చేశాను. పది సెకన్లు, సెకనుకు 24 ఫ్రేములు, మొత్తం 240. పెద్దవాళ్లంతా ఈఎక్స్ఆర్ ఫైళ్లు వాడతారని విని నేనూ అందులోనే సేవ్ చేశా. సేవ్ బాక్సులో గామా అని ఒక గడి ఉంది. ఏదో పాత ట్యుటోరియల్‌లో 2.2 పెట్టమని చెప్పారు, పెట్టేశా. పొద్దున ఎడిటర్‌లో తెరిస్తే గడియారం మీద సున్నం చల్లినట్టుంది. లెవెల్స్ తెరిచి మధ్య స్లైడర్‌ను కంటికి నచ్చేదాకా జరిపి, 240 ఫ్రేములకూ అదే అంటగట్టి పంపేశా. రెండర్‌ను పాస్‌లు అనే పొరలుగా విడివిడిగా తీస్తాం, వాటిని కలిపి తుది బొమ్మ చేయడం కంపాజిటింగ్. రెండు రోజుల తర్వాత ఆ పని చేసే ఆయన ఫోన్. "మీ డిఫ్యూజ్, రిఫ్లెక్షన్ పాస్‌లు కలిపితే మీ బ్యూటీ పాస్ రావాలి కదండీ, రావట్లేదే?" ఎందుకొస్తుంది? మొత్తం బొమ్మ ఉండే బ్యూటీ పాస్‌కు నేను కంటి కొలతతో మందు వేశాను, మిగతావాటిని ముట్టుకోలేదు. రెండు రాత్రులు కూర్చుని అన్నీ మళ్లీ రెండర్ చేశాను. చేతిచమురు పని.

ఆ రెండు రాత్రుల్లో అర్థమైంది ఒక్కటే. ఫైల్‌లో ఉండే అంకె వెలుగు కాదు. వెలుగుకు పెట్టిన గుర్తు. ఆ గుర్తును ఏ పద్ధతిలో రాశారో అదే పద్ధతిలో చదవాలి. రాసేవాడిదో లెక్క, చదివేవాడిదో లెక్క అయితే బొమ్మ చెడిపోదు, అర్థం మారిపోతుంది.

కొంచెం వివరంగా చెప్తా. రెండర్ ఇంజన్ లోపల లెక్కంతా నిజమైన వెలుగు నిష్పత్తుల్లో జరుగుతుంది. రెండు దీపాలు పెడితే రెట్టింపు, అంతే. దీన్నే లీనియర్ అంటాం. కానీ మన మానిటర్‌కు వెళ్లే 0 నుంచి 255 దాకా ఉన్న అంకెలు అలా ఉండవు. 128 అంటే సగం వెలుగు అనుకుంటారు చాలామంది, నేనూ ఏళ్ల తరబడి అలాగే అనుకున్నా. కాదు. మామూలు తెరలు వాడే రంగుల ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ లెక్కలో 128 అంటే పూర్తి వెలుగులో సుమారు 21.6 శాతమే. నిజంగా సగం వెలుగు కావాలంటే ఫైల్‌లో 188 ఉండాలి.

అంకెకూ వెలుగుకూ మధ్య ఉన్న ఈ వంకరనే గామా అంటాం. ఇది ఎక్కడిదంటే పాత డబ్బా టీవీలది. సీఆర్‌టీ గొట్టంలో వోల్టేజీ పెంచితే వెలుగు సమానంగా పెరగదు, వోల్టేజీకి సుమారు 2.5 ఘాతంలో పెరుగుతుంది. దాన్ని సరిచేసే సర్క్యూట్ ఇంటింటి టీవీలో పెట్టడం కంటే కెమెరా వైపే ఎదురు వంకర పెట్టేస్తే చవక కదా, అలాగే చేశారు. తమాషా ఏంటంటే మన కన్ను చీకటి ఛాయల్లో చిన్న తేడాలను పసిగట్టే తీరు కూడా ఇంచుమించు ఆ ఎదురు వంకరలాగే ఉంటుంది. అందుకే డబ్బా టీవీలు పోయినా వంకర పోలేదు. ఉన్న 256 మెట్లలో ఎక్కువ భాగం చీకటికి కేటాయించడానికి అది పనికొస్తోంది. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి దీన్ని ఎస్‌ఆర్‌జీబీ పేరుతో ప్రతిపాదించాయి, 1999లో ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం అయింది. ఆపిల్ కంప్యూటర్లు మాత్రం 2009లో స్నో లెపర్డ్ వచ్చేదాకా 1.8 గామాతోనే నడిచాయి, తర్వాతే 2.2కు మారాయి. పాత ఫోరమ్‌లలో, పాత ట్యుటోరియల్స్‌లో ఒకరు 1.8 అని, ఇంకొకరు 2.2 అని, మరొకరు 0.4545 అని రాసి పెట్టడం వెనక ఉన్న కథల్లో ఇదొకటి. 0.4545 అంటే 1ని 2.2తో భాగిస్తే వచ్చేది, అందులో మాయేం లేదు. వాళ్లు రాసిన రోజున, వాళ్ల మెషీన్‌లో, వాళ్ల వెర్షన్‌లో అది సరైనదే అయి ఉండొచ్చు. మీ మెషీన్‌కు దాంతో సంబంధం లేదు.

సరే, ఇప్పుడు అసలు లెక్క. రెండర్ లోపలి లీనియర్ వెలుగు మీ కంటిదాకా చేరే దారిలో ఆ వంకర ఒకసారి, కచ్చితంగా ఒక్కసారే, ఎక్కించాలి. దాన్ని ఎక్కించే అవకాశం మాత్రం మూడు నాలుగు చోట్ల ఉంది. రెండర్ విండో చూపించేటప్పుడు ఎక్కిస్తుంది, సేవ్ చేసే కోడ్ ఎక్కించగలదు, తెరిచే ప్రోగ్రామ్ "ఇది లీనియర్ ఫైల్" అనుకుంటే అదీ ఎక్కిస్తుంది, మధ్యలో మనం కూడా ఒక చెయ్యి వేస్తాం. తిలాపాపం తలా పిడికెడు. అందరూ తమ పని తాము సరిగ్గానే చేశామనుకుంటారు, బొమ్మ మాత్రం పాలిపోతుంది.

అందుకే నాకో అలవాటు. ప్రతి కొత్త సాఫ్ట్‌వేర్‌లో, ప్రతి కొత్త వెర్షన్‌లో, అసలు పని మొదలుపెట్టకముందే ఒక ఖాళీ సీన్ తెరుస్తా. కెమెరా ముందు ఒక పలక. దాని మీద దీపాలేవీ పడవు, తనంతట తానే 0.18 వెలుగుతో మెరిసే ఎమిషన్ మెటీరియల్. ఫొటోగ్రాఫర్లు వాడే బూడిద కార్డుకు చెప్పే 18 శాతమే ఇది. వ్యూ ట్రాన్స్‌ఫామ్ (రెండర్ వెలుగును తెర మీద ఎలా చూపించాలో చెప్పే సెట్టింగ్) లాంటివి ఉంటే అన్నిటికంటే సాదాది, బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో అయితే స్టాండర్డ్, పెట్టుకుంటా. రెండర్ చేసి, ఎనిమిది బిట్ల పీఎన్‌జీగా సేవ్ చేసి, వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి, పలక మధ్యలో కలర్ పికర్ నొక్కుతా. 118 వస్తే వంకర ఒక్కసారే ఎక్కింది, హాయిగా పడుకోవచ్చు. 46 వస్తే అసలు ఎక్కలేదు, లీనియర్ అంకె అలాగే ఫైల్‌లోకి వచ్చేసింది, బొమ్మంతా మసిబారినట్టు ఉంటుంది. 181 వస్తే రెండుసార్లు ఎక్కింది, సున్నం చల్లినట్టు ఉంటుంది. ఇంత పెద్ద సమస్యకు ఇంత చిన్న పరీక్ష సరిపోతుందా అని మొదట్లో నాకే అనుమానంగా ఉండేది. మెసేజ్‌లు పెట్టేవాళ్లలో ఎక్కువమంది ఫైళ్లు ఈ మూడు అంకెలతోనే తేలిపోతున్నాయి.

అప్పుడప్పుడు 117 వస్తుంది. కంగారుపడకండి. ఎస్‌ఆర్‌జీబీ సూత్రం నిజానికి శుద్ధమైన 2.2 ఘాతం కాదు, మొదట్లో చిన్న సరళరేఖ ముక్క, ఆ తర్వాత 2.4 ఘాతం, మొత్తం కలిపి చూస్తే 2.2కు దగ్గర. మీ ప్రోగ్రామ్ శుద్ధమైన 2.2 వాడితే మధ్యలో 117 వస్తుంది, తేడా ఒక్క అంకే. కానీ అడుగున, బాగా చీకట్లో, ఆ రెండూ ఒకటి కావు. వెయ్యిలో ఒక వంతు వెలుగుకు ఎస్‌ఆర్‌జీబీ 3 అంటుంది, శుద్ధమైన 2.2 అయితే 11 అంటుంది. రాత్రి సీన్లు చేసేవాళ్లు "నలుపు లేచిపోయింది" అని మొత్తుకునేది చాలాసార్లు ఈ ముక్క దగ్గరే. మధ్య అంకె సరిపోయింది కదా అని వదిలేస్తే ఇది దొరకదు, 0.001 పలక కూడా ఒకటి పక్కన పెట్టుకోవాలి.

ఇప్పుడు నా అసలు పేచీకి వస్తా. "కారణం ఏదైతేనేం, చివర్లో స్లైడర్‌తో సరిచేస్తే అదే బొమ్మ వస్తుంది కదా" అనేవాళ్లతో నా పేచీ. రాదు. అంకెలతో చూపిస్తా. వంకర ఎక్కకుండా లీనియర్‌గా ఎనిమిది బిట్ల ఫైల్‌లోకి వెళ్లిపోయిన బొమ్మను తీసుకోండి. అందులో బాగా చీకటి ఛాయలు 0, 1, 2, 3 అని వరసగా ఉంటాయి. దాన్ని తర్వాత ఎడిటర్‌లో సరైన ఎస్‌ఆర్‌జీబీకి లేపితే అవి 0, 13, 22, 28 అవుతాయి. 0కి, 13కి మధ్యలో ఏమీ లేదు. ఉండాల్సిన పన్నెండు ఛాయలు ఎప్పుడో సేవ్ చేసినప్పుడే పోయాయి, ఇక ఏ స్లైడరూ వాటిని తిరిగి తేలేదు. మూలల్లో, సోఫా కింద, నీడ మెల్లగా కరగాల్సిన చోట మెట్లు మెట్లుగా గీతలు కనిపిస్తాయి చూడండి, బ్యాండింగ్ అంటాం, అదే ఇది. అప్పుడు మళ్లీ "నాయిస్ వేసి కప్పేద్దాం" అంటారు. ఒక తప్పు మీద ఇంకో దుప్పటి.

ఎనిమిది బిట్ల గొడవే వద్దు, పదహారు బిట్లలో పెట్టుకుంటాం అంటారా? మంచిదే, గీతలు తగ్గుతాయి. కూడికల గొడవ అలాగే ఉంటుంది. 118 ఉన్న పలక మీద అంతే వెలుగున్న ఇంకో దీపం వేశారనుకోండి. లెక్కలో 0.18కి 0.18 కలిపితే 0.36, ఫైల్‌లో అది 162 అవ్వాలి. ఎడిటర్‌లో రెండు లేయర్లు వంకర ఎక్కిన అంకెలతోనే కలిపితే 118కి 118 కలిసి 236, దాదాపు తెలుపు. గడియారం పాస్‌లు కలవకపోవడానికి కారణం ఇదే జాతి. పొగ అంచులు నల్లగా కనిపించడం, గ్లో మరీ కాలిపోయినట్టుండటం, చిన్నసైజుకు కుదిస్తే నక్షత్రాల ఆకాశం చీకటిపడటం, వీటన్నిటి వెనకా ఇలాంటి కూడికే ఉంటుంది చాలాసార్లు.

అందుకే కదా ఈఎక్స్ఆర్ వచ్చింది. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ వాళ్లు 2003లో బయటికి వదిలిన ఫార్మాట్ అది, దశాంశాలతో లీనియర్ వెలుగును ఉన్నదున్నట్టు దాచడానికి. అందులో గామా ఎక్కించి దాచడం నేను చేసిన పిచ్చి పని. తెరిచే ప్రోగ్రామ్ ఈఎక్స్ఆర్ కాబట్టి లీనియరే అని నమ్మి ఇంకో వంకర ఎక్కించింది, తప్పు దానిది కాదు. ఈ ఒక్కచోట మొండిగా ఉండమంటా: ఈఎక్స్ఆర్ అయితే గామా గడిలో 1.0, పీఎన్‌జీ, జేపెగ్ అయితే ఎస్‌ఆర్‌జీబీ. సాఫ్ట్‌వేర్ ఆటోమేటిక్ అని ఒక ఎంపిక ఇస్తే అదే పెట్టి, పలకతో ఒకసారి పరీక్షించుకోండి.

అయితే అన్ని పాలిపోవడాలూ గామా వల్ల కావు. ఈ మాట కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే గామా అనే మాట ఒకసారి నేర్చుకున్నవాళ్లు ప్రతి తేడానూ దాని నెత్తినే రుద్దుతారు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు. గామా మారినప్పుడు శుద్ధ నలుపు నలుపుగానే, శుద్ధ తెలుపు తెలుపుగానే ఉంటాయి, సున్నాకూ ఒకటికీ ఏ ఘాతం వేసినా అవి మారవు కదా. మధ్య ఛాయలే కదులుతాయి. అలా కాకుండా తెలుపు కూడా 255 నుంచి దిగిపోయి బూడిదబారితే, అది వేరే జబ్బు.

తెల్ల లోగో సంగతి అలాంటిదే. ఒక డబ్బా మీద లోగో, కస్టమర్ ఇచ్చింది 255, 255, 255. రెండర్‌లో అది బూడిదరంగులోకి దిగింది. దీపాలు పెంచా, డబ్బా కాలిపోయింది, లోగో మాత్రం తెలుపవలేదు. ఒక సాయంత్రమంతా దాంతోనే కుస్తీ. అసలు సంగతి వ్యూ ట్రాన్స్‌ఫామ్. బ్లెండర్‌లో 2.79తో ఫిల్మిక్ వచ్చింది, 2.80 నుంచి అదే డిఫాల్ట్, 2023 నవంబర్‌లో వచ్చిన 4.0 నుంచి డిఫాల్ట్ ఏజీఎక్స్. ఇవి కేవలం వంకర ఎక్కించి ఊరుకోవు. రెండర్‌లో వెలుగు 1 దగ్గర ఆగదు కదా, ఎండ పడిన కిటికీ 20 కావచ్చు, బల్బు తంతు 500 కావచ్చు. స్టాండర్డ్ అయితే ప్రతి రంగులోనూ 1 దాటినదంతా నరికేస్తుంది, ఎర్ర దీపం మధ్యలో మొండి ఎరుపు మరకలా మిగులుతుంది. ఫిల్మిక్, ఏజీఎక్స్ ఆ పైనున్న వెలుగుకు కూడా చోటివ్వడానికి 1ని కొంచెం కిందికి జరుపుతాయి. అంటే అక్కడ వెలుగు 1 ఉన్న తెల్ల కాగితం 255 కాదు, కాకూడదు కూడా. ఫొటోలో తెల్ల చొక్కా కంటే ట్యూబ్‌లైట్ తెల్లగా ఉండాలి కదా. ఇదంతా తెలిశాక లోగోతో కుస్తీ మానేశా. బ్రాండ్ రంగు అంకె తప్పకూడదంటే ఆ భాగాన్ని రెండర్ తర్వాత, వ్యూ ట్రాన్స్‌ఫామ్ దాటాక, విడిగా అతికిస్తా. లేదా మొత్తం ఆ పనికి స్టాండర్డ్ వాడి దీపాలు దానికి తగ్గట్టు కట్టుకుంటా. రెండూ కావాలంటే కుదరదు, ఎవరెన్ని చెప్పినా.

ఇక్కడే ఎక్కువమందిని పడేసే గోతులు మూడున్నాయి, మూడింట్లోనూ నేను పడ్డాను. ఒకటి, బ్లెండర్‌లో పీఎన్‌జీ సేవ్ చేస్తే వ్యూ ట్రాన్స్‌ఫామ్ బొమ్మలో కలిసిపోతుంది, ఈఎక్స్ఆర్ సేవ్ చేస్తే కలవదు. కాబట్టి ఈఎక్స్ఆర్‌ను వేరే ప్రోగ్రామ్‌లో తెరిస్తే రెండర్ విండోలో చూసినట్టు ఉండదు, ఉండాలని కోరుకోవడమే పొరపాటు, అక్కడ కూడా అదే ట్రాన్స్‌ఫామ్ పెట్టాలి. ఓపెన్‌కలర్‌ఐఓ అని సోనీ పిక్చర్స్ ఇమేజ్‌వర్క్స్ వాళ్లు తయారుచేసి బయటికిచ్చిన పద్ధతి ఉన్నది ఇందుకే. దాని కాన్ఫిగ్ ఫైల్ రెండు చోట్లా ఒకటే పెడితే రెండు విండోలూ ఒకే మాట చెప్తాయి. రెండోది ఎక్స్‌పోజర్. కలర్ మేనేజ్‌మెంట్ కింద ఉన్న ఎక్స్‌పోజర్ చూపుకు మాత్రమే, పీఎన్‌జీలోకి వస్తుంది గానీ ఈఎక్స్ఆర్‌లోకి రాదు. బ్లెండర్ రెండర్ ఇంజన్ సైకిల్స్‌లో ఫిల్మ్ కింద ఇంకో ఎక్స్‌పోజర్ ఉంది, అది రెండర్ డేటానే మారుస్తుంది, ఈఎక్స్ఆర్‌లోకీ వెళ్తుంది. పేరు ఒకటే, పని వేరు. ఎవరు పెట్టారో గానీ ఆ పేర్లు... సరే వదిలెయ్యండి.

మూడోది అన్నిటికంటే దొంగది. యానిమేషన్ ఫ్రేములన్నీ ఏజీఎక్స్‌తో పీఎన్‌జీలుగా తీశారు. వాటిని వీడియోగా కుట్టడానికి అదే త్రీడీ ఫైల్‌లోని వీడియో సీక్వెన్సర్‌లోకి తెచ్చారు. ఆ సీన్‌లో వ్యూ ట్రాన్స్‌ఫామ్ ఇంకా ఏజీఎక్స్‌గానే ఉండిపోయింది. ఇప్పటికే ఏజీఎక్స్ ఎక్కిన ఫ్రేముల మీద మళ్లీ ఏజీఎక్స్ ఎక్కుతుంది. వీడియో నీరసంగా, రంగు దిగిపోయి వస్తుంది. ఇక కోడెక్‌ను (వీడియోను కుదించే పద్ధతిని) తిడతాం, బిట్‌రేట్ పెంచుతాం, ఇంకో ఫార్మాట్ ప్రయత్నిస్తాం. కుట్టే సీన్‌లో స్టాండర్డ్ పెడితే అయిపోయేది.

టెక్స్చర్ల (వస్తువుల మీద అతికించే బొమ్మల) వైపు నుంచి కూడా ఈ రోగం వస్తుంది గానీ అది తేలిక, రెండు మాటల్లో చెప్పేస్తా. రంగు చూపించే బొమ్మలు ఎస్‌ఆర్‌జీబీగా, రంగు కాకుండా గరుకు, ఎత్తుపల్లాల కొలతలు దాచే నార్మల్ మ్యాప్, రఫ్‌నెస్, డిస్‌ప్లేస్‌మెంట్ లాంటివి నాన్-కలర్‌గా చదవాలి. రఫ్‌నెస్‌ను ఎస్‌ఆర్‌జీబీగా చదివితే 0.5 కాస్తా 0.21 అయిపోతుంది, గరుకు చెక్క వార్నిష్ కొట్టినట్టు మెరుస్తుంది, మనమేమో దీపాలను అనుమానిస్తాం.

ఇక అంకెలన్నీ సరిపోయినా కంటికి తేడా వచ్చే సందర్భం. నిజాయతీగా ఒప్పుకోవాలి, ఇక్కడ నా పలక పరీక్ష పనిచేయదు. పీఎన్‌జీలో 118, రెండర్ విండోలోనూ 118, అయినా ఒకటి ముదురుగా, ఒకటి లేతగా కనిపిస్తోంది. అప్పుడు చూడాల్సింది ఫైల్‌ను కాదు, చూపించేవాడిని. వైడ్ గామట్ (మామూలు కంటే ఎక్కువ రంగులు చూపించే) తెర ఉన్న లాప్‌టాప్‌లో, ప్రొఫైల్‌ను (అంకెలను ఏ రంగులుగా చదవాలో చెప్పే సమాచారాన్ని) పట్టించుకునే ప్రోగ్రామ్ ఆ 118ని తెరకు తగ్గట్టు మార్చి పంపుతుంది, పట్టించుకోనిది అలాగే తోసేస్తుంది, ఎరుపులు మండిపోతాయి. రెండర్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు మానిటర్ ప్రొఫైల్‌ను పట్టించుకోవు, బ్రౌజర్లు పట్టించుకుంటాయి. అందుకే ఫైల్‌లో ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్ పెట్టి పంపాలి, ఊహకు వదలకూడదు. పీఎన్‌జీలో గామా అంకె రాసుకునే గది కూడా ఒకటుంది, అందులో 45455 అని ఉంటే 2.2కు ఎదురు వంకర అని అర్థం. కొన్ని ప్రోగ్రామ్‌లు దాన్ని చదువుతాయి, కొన్ని చదవవు, అందుకే అందులో తప్పు అంకె పడితే ఒకే ఫైల్ రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తుంది. విండోస్‌లో హెచ్‌డీఆర్ మోడ్ ఆన్ చేసి మామూలు బొమ్మలు చూసినా నలుపులు కొంచెం లేచినట్టుంటాయి. చీకట్లో 3, 11 గురించి చెప్పానే, ఆ తేడానే అక్కడ తిరగబడి కనిపిస్తుంది.

వీడియోలో అయితే ఇంకో రెండు. టీవీ పద్ధతిలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. ఎగుమతి చేసేవాడు అలా రాసి, చదివేవాడు 0 నుంచి 255 అనుకుంటే నలుపు బూడిదవుతుంది, తెలుపు మాస్తుంది. రివర్స్‌లో జరిగితే 16 కింద ఉన్నదంతా ఒకే నల్ల ముద్ద. నలుపు, తెలుపు రెండూ కదిలాయంటే గామాను వదిలేసి దీన్ని అనుమానించండి. ఇక మ్యాక్‌లో 709 (హెచ్‌డీ టీవీ రంగుల ప్రమాణం) ట్యాగ్ ఉన్న వీడియో తెరిస్తే లేతగా ఉందనే ఫిర్యాదు ఉంది చూశారా, అది పాత గొడవే. టీవీల కోసం 2011లో వచ్చిన బీటీ.1886 ప్రమాణం 2.4 అంటుంది, మ్యాక్ రంగుల వ్యవస్థ ఆ ట్యాగ్‌ను సుమారు 1.96గా చదువుతుంది. దానికోసం వీడియోను ముదురు చేసి పంపితే మిగతా ప్రపంచానికంతా ముదురుగా వెళ్తుంది. నేనైతే చెయ్యను.

చుట్టూ ఏముందో కూడా చూడాలి. రెండర్ విండో చుట్టూ ముదురు బూడిదరంగు ఉంటుంది, అదే బొమ్మను తెల్లటి పేజీలో పెడితే మనకే చీకటిగా అనిపిస్తుంది, పికర్ పెడితే అంకె మారదు. నమ్మకపోతే ఇప్పుడే ఒక బొమ్మను నల్ల కాన్వాస్ మీద ఒకసారి, తెల్ల కాన్వాస్ మీద ఒకసారి పెట్టి చూడండి. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణంలో తెర వెలుగు 80 నిట్లు, గదిలో వెలుగు 64 లక్సులు అని రాసుకున్నారు. ఎండలో ఫోన్ చూసేవాడికి, చీకటి గదిలో మానిటర్ చూసేవాడికి అవేవీ వర్తించవు.

"మరి ఎవరి తెర వాళ్లది, ఎవరి ఫోన్ వాళ్లది అయినప్పుడు మనం ఇంత కచ్చితంగా ఉండి ఏం లాభం?" అని అడిగారు ఒకరు. మంచి ప్రశ్న, చాలాకాలం నా దగ్గరా జవాబు లేదు. ఇప్పుడు నా జవాబు ఇది. పదిమంది తెరలు పది రకాలు, కొన్ని ముదురు, కొన్ని లేత, కానీ అవన్నీ ఒకే ప్రమాణానికి అటూ ఇటూ తిరుగుతుంటాయి. మీ ఫైల్ ఆ ప్రమాణం మీద నిలబడితే అందరికీ కొంచెం కొంచెం తప్పుతుంది. మీ తెర లేతగా చూపిస్తుందని మీరు ముదురు చేసి పంపితే, ముదురు తెర ఉన్నవాడికి రెండింతలు తప్పుతుంది, వాడే కస్టమర్ అయితే ఇక చెప్పక్కర్లేదు.

స్క్రీన్‌షాట్‌ను సాక్ష్యంగా పెట్టడం మీద కూడా నాకు గట్టి అభ్యంతరం ఉంది. స్క్రీన్‌షాట్ అంటే తెరకు వెళ్లిన అంకెల ఫొటో, ప్రోగ్రామ్ ఏం సవరించిందో, ఏ ప్రొఫైల్ తగిలించిందో, ఏది తగిలించలేదో అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. రెండర్ విండో స్క్రీన్‌షాట్‌తో పోల్చి "ఎక్స్‌పోర్ట్ తప్పు" అంటే నేను నమ్మను. రెండు ఫైళ్లు ఒకే ప్రోగ్రామ్‌లో, ఒకే కాన్వాస్‌లో, ఒకదానిమీద ఒకటి లేయర్‌గా వేసి, బ్లెండ్ మోడ్ డిఫరెన్స్ పెట్టి చూపించండి. మొత్తం నలుపొస్తే ఫైళ్లు ఒకటే, గొడవ బయట ఉంది. మధ్య ఛాయలే మెరిస్తే గామా. శుద్ధ తెలుపు ఉన్న చోట్లు కూడా మెరిస్తే ఎక్స్‌పోజరో, వ్యూ ట్రాన్స్‌ఫామో.

మొదట్లో చెప్పిన మెసేజ్ పెట్టిన తమ్ముడి గోడ అంకె ఎంతొచ్చిందో చెప్పలేదు కదా. గోడ మెటీరియల్ మీద దీపాలు పడుతున్నాయి కాబట్టి దాన్నుంచి ఏమీ తేల్చలేకపోయాం, పలక పెట్టించా. 118 వచ్చింది. గామా బాగుంది. అప్పుడు సీన్ ఫైల్ పంపమన్నా. వ్యూ ట్రాన్స్‌ఫామ్ ఫిల్మిక్, దాని లుక్ (దానిమీద అదనంగా వేసే కాంట్రాస్ట్ సెట్టింగ్) హై కాంట్రాస్ట్, రెండర్ విండోలో చూసింది అదే. అవుట్‌పుట్ ట్యాబ్‌లో మాత్రం కలర్ మేనేజ్‌మెంట్ ఓవర్‌రైడ్ అని పెట్టి, అందులో లుక్ ఏదీ ఎంచుకోకుండా వదిలేసి ఉంది. ఏదో టెంప్లేట్ ఫైల్ నుంచి వచ్చిందట. ఫాలో సీన్ పెట్టి మళ్లీ సేవ్ చేయమన్నా. రెండర్ కూడా మళ్లీ చేయక్కర్లేదు, ఈఎక్స్ఆర్ ఉంది తన దగ్గర. పదకొండు నలభైకి "సెట్ అయింది అన్నా" అని వచ్చింది. పొద్దున ఇంకో మెసేజ్: కస్టమర్ ఫోన్‌లో అంతా పసుపుగా ఉందంటున్నారట. ఫోన్‌లో రాత్రి మోడ్ ఆన్‌లో ఉందేమో అడగమన్నా.